బాషన్న ఇచ్చిన నెత్తురు

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఓ నెగటివ్ నెత్తురున్న మనిషి మాత్రం ఊరు మొత్తానికీ తానొక్కడేనని జిలాన్ బాషా నమ్మకం. అది నిజం కాదు. ఊళ్లో ఇంకా కొందరు ఉండే ఉంటారు, కానీ వాళ్లకా సంగతి తెలియదు, తెలిసినా నోరు మెదపరు. బాషా మెదిపాడు. బండి నంబరు పలక మీద రాయించుకున్నాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, మసీదు మెట్ల మీద చెప్పాడు, పెళ్లిచూపుల్లో కాబోయే మామకు కూడా చెప్పాడు. అతని పెళ్లాం నూర్జాన్ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది. "ఏం పని చేస్తావప్పా అని మా నాయన అడిగితే, నాది ఓ నెగటివ్ అన్నాడు ఈ మనిషి. అదేదో రోగమనుకోని మా నాయన సంబంధమే వద్దన్నాడు."

ఆ గర్వం ఊరికే వచ్చింది కాదు లెండి. బళ్లారి నుంచో కళ్యాణదుర్గం నుంచో ఫోను వచ్చిందంటే చాలు, మిషన్ మీద ప్యాంటు ఏ కాలు దగ్గర ఉంటే ఆ కాలు దగ్గరే వదిలేసి బండెక్కేవాడు. యజమాని శ్రీరంగప్ప ఎదురుగా తిట్టేవాడు, చాటున "మా బాషా" అని గొప్పలు పోయేవాడు. నెత్తురిచ్చి, వాళ్లు పెట్టిన బిస్కెట్లు తిని వచ్చేసే రకం కూడా కాదు మన బాషా. ఎవరికి ఎక్కించారో కనుక్కుని, తర్వాతెప్పుడో కొబ్బరిబోండాలు పట్టుకుని పోయి మంచం పక్కన కూర్చునేవాడు. పిల్లనిచ్చినవాడు అల్లుడి ఇల్లు చూడకుండా ఉంటాడా అనేది అతని వాదన. ఎక్కించుకున్నవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, లారీలు గుద్దినవాళ్లు. బాగై ఇళ్లకు పోయి మరిచిపోయారు. మరిచిపోని ఇల్లు ఒకటే ఉంది.

గుమ్మఘట్ట దాటాక వచ్చే పల్లెలో ఆంజి అనే వేరుశనగ రైతు ఇల్లు అది. అతని భార్య ఈశ్వరికి తొలికాన్పులో నెత్తురు కట్టలు తెంచుకుని పోయింది. ఆమెదీ ఓ నెగటివే. బళ్లారి ఆసుపత్రి వసారాలో ఆమె తల్లి కదిరమ్మ గుండెలు బాదుకుంటుంటే, ఎవరో చెప్పగా బాషా ఎండన పడి వెళ్లి ఇచ్చాడు. బిడ్డా తల్లీ దక్కారు. కదిరమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా ఈశ్వరికి తోడబుట్టినోళ్లు లేరు నాయనా. ఇప్పుడు నీ నెత్తురు దాని ఒంట్లో పారతాండాది. అన్న అనిపించుకునేకి ఇంకేం కావల్ల?" అంది.

ఆ మాటను బాషా చిన్నగా తీసుకోలేదు. పెద్దగా తీసుకోవడం అతని జబ్బు. ఉగాదికి చెల్లెలికి చీర, తొట్టెల వేడుకకు బట్టలు, పాపకు కాళ్ల గజ్జెలు, అన్నీ అన్న చేయాల్సినట్టే చేశాడు. ఆంజి అతన్ని నోరారా "బావా" అని పిలిచేవాడు. పాపకు మస్తానమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పాపకు చెవులు కుట్టించే రోజు వచ్చింది. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాలి కదా. ఆ ఒడి తనదేనని బాషా రాయదుర్గం అంతా చెప్పుకుని, బంగారు పోగులు కూడా చేయించి పెట్టాడు.

సరిగ్గా అప్పుడు బళ్లారి నుంచి పిలుపు వచ్చింది.

ఈసారి కొత్త బ్లడ్ బ్యాంకు. అతను ఎప్పుడూ ఇచ్చే పాతది ఈ మధ్యే మూతపడింది. రూతు అనే టెక్నీషియన్ అతని వేలికి సూది గుచ్చి, తెల్లని పలక మీద మూడు చుక్కలు పెట్టింది. ఒకదాని మీద నీలం మందు, ఒకదాని మీద పసుపు మందు, మూడోదాని మీద రంగులేని మందు వేసి పుల్లతో కలిపింది. ఈ తంతు బాషాకు కంఠతా వచ్చు. ఏ చుక్క పాలు విరిగినట్టు విరుగుతుందో అదే ఆ మనిషి గ్రూపు. మొదటిది విరిగితే ఏ, రెండోది విరిగితే బి, మూడోది విరిగితే పాజిటివ్. తనవి మూడూ విరగవు, నున్నగా ఉండిపోతాయి. అది చూసినప్పుడల్లా పరీక్ష పాసైనట్టు ఉంటుంది అతనికి. ఈసారీ విరగలేదు. చూశావా అన్నట్టు రూతు వైపు చూశాడు.

ఆమె ఏమీ మెచ్చుకోలేదు. చేతి నుంచి చిన్న గొట్టంలోకి ఇంకొంచెం నెత్తురు తీసుకుని బయట కూర్చోమంది. బాషా కూర్చున్నాడు. తన వెనక వచ్చినవాళ్లు ఇచ్చి, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. అతను లేచి నీళ్లు తాగాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి రూతు లోపలికి పిలిచింది.

"అన్నా, నీ నెత్తురు ఈ పొద్దు తీసుకోలేము. ఆ పేషెంటుకు వేరే దాతను పిలిపిచ్చినాము."

"ఏం తల్లీ, కామెర్లా?"

"రోగం ఏమీ లేదు. నీది నెగటివ్ కాదు."

బాషా నవ్వాడు. "పలక మీద నేను గూడా చూస్తినే."

"పలక మీద నెగటివే. ఈడ మేము ఆడికే ఆపము. నెగటివ్ అని వచ్చిన ప్రతి దాత నెత్తురునూ వెచ్చగా పెట్టి, కడిగి, కూంబ్స్ మందు పోసి మళ్లా చూస్తాము. అప్పుడు నీది విరిగింది. చూడు." ఆమె గొట్టాన్ని వెలుతురుకు పెట్టి వేలితో తట్టింది. అడుగున ఎర్రటి గింజలు లేచి, కరగకుండా అట్లాగే తిరిగాయి. "పాజిటివ్ అనేకి నెత్తురు కణం మీద ఒక గుర్తు ఉంటాది. నీకు ఆ గుర్తు ఉండాది, కానీ పలచగా ఉండాది. పలచ మజ్జిగలో వెన్న కనపడదు చూడు, చిలికితే గానీ తేలదు. అట్ల."

"అయితే నేను పాజిటివా?"

"ఇచ్చేకి పాజిటివ్. నీకు ఎక్కించాల్సి వస్తే నెగటివే ఎక్కిస్తారు."

"ఇదేం న్యాయం? ఇచ్చేకి ఒక తక్కెడ, తీసుకునేకి ఒక తక్కెడనా?"

రూతు నవ్వలేదు. కుందుర్పి పిల్ల, మాట సూటిగా ఉంటుంది. "అన్నా, ఇదివరకు నీ నెత్తురు ఆడోళ్లకు ఎవురికన్నా ఎక్కించినారా? నెగటివ్ ఆడోళ్లకు? ఇంకా పిల్లల్ని కనే ఈడోళ్లకు?"

 ఎందుకని అడిగాడు బాషా.

"నెగటివ్ మనిషి ఒంట్లోకి ఆ గుర్తున్న నెత్తురు పోతే, ఒళ్లు దాన్ని పరాయిది అనుకుంటాది. దాన్ని చంపేకి ఆయుధాలు తయారు చేసి పెట్టుకుంటాది. యాంటీబాడీలంటారు. ఆమెకు ఏమీ తెలీదు, బాగానే ఉంటాది. తర్వాత పాజిటివ్ బిడ్డ కడుపున పడితే ఆ ఆయుధాలు పోయి బిడ్డ నెత్తురును విరగ్గొడతాయి. అందరికీ అట్ల కాదు అన్నా. నీ మాదిరి పలచ గుర్తుతో శానా మందికి ఏమీ కాదు. కానీ అయిందో లేదో తల్లి నెత్తురు తీసి చూస్తే గానీ తెలీదు. ముందు తెలిస్తే బిడ్డను కాపాడేకి దారులుండాయి."

"పాతోళ్లు ఈ రెండో పరీక్ష చేయలేదా?"

"చేసింటే నీకు అప్పుడే చెప్పేవాళ్లు కదా. ఆ బ్లడ్ బ్యాంకు ఇప్పుడు లేదు. ఎవురికి ఎక్కించినారో మాకు తెలీదు. తెలిసింది నీకే."

ఇదీ సంగతి. మంచం పక్కన కూర్చుని కొబ్బరిబోండాలు తాగించిన పాపానికి, ఆ మొహాలన్నీ బాషాకు గుర్తున్నాయి. ముసలాయన, లారీ డ్రైవరు, గుండె ఆపరేషను పెద్దాయన, ఒక పండు ముసలి. ఎంత వెతికినా ఆ ఈడు ఆడమనిషి ఒక్కతే దొరికింది. ఆ ఒక్కతికీ ఇప్పుడు ఆరో నెల.

రాయదుర్గం ఎట్లా చేరాడో అతనికే తెలియదు. మర్నాడు మిషన్ మీద కూర్చుంటే సూది విరిగింది. ఇంకో సూది పెడితే అదీ విరిగింది. ఒక ప్యాంటుకు జిప్పు తలకిందులుగా కుట్టాడు. శ్రీరంగప్ప దాన్ని ఎత్తి పట్టుకుని, "ఏమప్పా, ఈ ప్యాంటు ఏసుకునేటోడు తలకిందులుగా నడుస్తాడా?" అన్నాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. మామూలుగా అయితే ఆ నవ్వుకు ముందుగా నవ్వేది బాషానే.

మధ్యాహ్నం పని వదిలేసి గుమ్మఘట్ట దారి పట్టాడు. పాప చెవికి పోగుల కొలత చూడాలన్న సాకు ఒకటి జేబులో పెట్టుకున్నాడు. దారి పొడవునా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, కింద చేలల్లో ఒక్క పచ్చని ఆకు లేదు. నిజం చెప్పకుండా పని జరిపించే ఉపాయం ఒకటి అతను అల్లుకుంటూ పోయాడు. బళ్లారిలో ఉచితంగా పరీక్షలు చేస్తున్నారని చెప్తే చాలు. ఈశ్వరి వస్తుంది, రూతు చూస్తుంది, ఏమీ లేదంటుంది. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పనే లేదు. ఉపాయం బాగానే ఉంది, మనసులో ఉన్నంతవరకు ఏ ఉపాయమైనా బాగానే ఉంటుంది.

ఈశ్వరి వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. అన్నను చూసి మొహం చాటంత చేసుకుని, లోపలి నుంచి మజ్జిగ తెచ్చింది. బాషా తన ఉపాయం విప్పాడు.

"అదేనా అన్నా, కూంబ్సో ఏందో? మా ఊరికొచ్చే నర్సమ్మ గూడా పోరు పెడతాండాది బళ్లారికి పోయి చేయించుకోమని. నేను పోలే."

"ఎందుకు పోలే?"

"ఎందుకు పోవల్ల? నాకెక్కింది ఊరూ పేరూ లేనోని నెత్తురా? మా అన్నది. నెగటివ్‌కు నెగటివ్ ఎక్కితే ఏమీ కాదని నర్సమ్మకే నేను చెప్పినా."

ఆంజి చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆ మాట అందుకున్నాడు. "బావా, నీ నెత్తురు పారే ఒంటికి పరీక్షలెందుకు? ఎవురన్నా వింటే నవ్వుతారు. మా ఇంట్లో దేవుని పటం లేకున్నా ఏం కాదు గానీ నీ మీద నమ్మకం లేకుంటే ఎట్ల?"

బాషా మజ్జిగ తాగాడు.  పాప చెవి పట్టుకుని కొలత చూసినట్టు చూశాడు. బండెక్కాడు. వేదవతి ఏటి దగ్గరికి వచ్చేసరికి మనసు పీకి బండి వెనక్కి తిప్పాడు. వాళ్ల ఊరి మలుపు దాకా పోయి మళ్లీ రాయదుర్గం వైపు తిప్పాడు. నీళ్లు లేని ఏట్లో మేకలు కాసుకుంటున్న ముసలాయన ఒకడు ఇదంతా చూసి, "ఏమన్నా పోగొట్టుకున్నావా నాయనా?" అని అడిగాడు. బాషా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి నూర్జాన్‌కు అంతా చెప్పాడు. ఆమె చపాతీ పిండి కలుపుతూ విన్నది. మధ్యలో ఒకసారి "యా అల్లా" అంది, అంతే.

"ఇంత నమ్ముతాండారు. యాడ నోరెత్తేది?" అన్నాడు బాషా. "ఆ రూతు చెప్పనే చెప్పింది, శానా మందికి ఏమీ కాదంట. ఏమీ కాకపోతే ఊరికే చెప్పి చెడ్డయ్యేది నేనే కదా. నేను చెప్పకుంటే ఎవురికి తెలుస్తాది?"

"ఆ కడుపులో బిడ్డకు తెలుస్తాది" అంది నూర్జాన్.

బాషా చర్రున లేచాడు. పెళ్లాం మీద అరిచాడు, ఈశ్వరికి చీరలు కొనద్దని తనను ఏనాడైనా ఆపిందా అని సంబంధం లేని మాట ఒకటి అన్నాడు, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. సందు చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. ఆమె చపాతీలు కాలుస్తూనే ఉంది. తిననన్నాడు, తర్వాత తిన్నాడు. ఆ తర్వాత చెవులు కుట్టే రోజు దాకా నిలుచున్న చోట నిలవలేదు, కూర్చున్న చోట కూర్చోలేదు. ఒక్కో పూట చెప్పేద్దామనుకునేవాడు. ఇంకో పూట ఈశ్వరి మొహం గుర్తొచ్చి, ముందు పాప వేడుక జరగనీ, తర్వాత చూద్దాం అనుకునేవాడు. తర్వాత అనేది ఎంత సుఖమైన మాటో అప్పుడే తెలిసింది అతనికి.

చెవులు కుట్టే బుధవారం ఆంజి వాకిట్లో కొబ్బరి మట్టల పందిరి వేశారు. కదిరమ్మ ముందు రోజే వచ్చి పూర్ణం పెట్టి ఓలిగలు చేసింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. నూర్జాన్ కొత్త చీర కట్టుకుని మేనమామ భార్య హోదాలో ముందు వరసలో కూర్చుంది. బాషాను పీట మీద కూర్చోబెట్టి, మస్తానమ్మను ఒళ్లో పెట్టారు. పాప నోట్లో బెల్లం ముక్క. కంసాలి ఆచారి బంగారు తీగ మొనను పసుపులో, నూనెలో ముంచి, "తల గట్టిగా పట్టుకోప్పా మామా" అన్నాడు.

బాషా పట్టుకున్నాడు. తీగ కుడి చెవిలో దిగింది. పాప బెల్లం ఉమ్మేసి కేకలు పెట్టింది. చిన్న చుక్క ఒకటి వచ్చి బాషా బొటనవేలి మీద పడింది. అందరూ నవ్వుతున్నారు. ఈశ్వరి బరువుగా వంగి పాప కళ్లు తుడిచింది.

"ఏడవాకు తల్లీ, మామ ఒళ్లో ఉండావు కదా. మామ నెత్తురు మీ అమ్మను బతికించింది. లోపలుండే తమ్మున్ని గూడా సల్లగా చూసుకుంటాది."

ఆచారి రెండో తీగ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగప్పా" అన్నాడు బాషా. గొంతు పెద్దగా వచ్చింది. "ఈశ్వరమ్మా, నాది నెగటివ్ కాదంట."

అతను వేళాకోళం ఆడుతున్నాడనుకున్నారు. ఆంజి నవ్వుతూ, "అయితే ఏం బావా, బండి మీద మళ్లా రంగేయించు" అన్నాడు. బాషా నవ్వలేదు. రూతు చెప్పిందంతా చెప్పాడు. ముందు చెప్పాల్సింది వెనక, వెనక చెప్పాల్సింది ముందు చెప్పాడు. మజ్జిగ అన్నాడు, వెన్న అన్నాడు, ఆయుధాలు అన్నాడు. పాప ఏడుపు మీదుగా చెప్పాల్సి వచ్చి కొన్ని మాటలు రెండేసి సార్లు అరిచాడు. చివరికి అందరికీ అర్థమైన మాట ఒకటే. తన నెత్తురు వల్ల కడుపులో బిడ్డకు చేటు జరిగి ఉండొచ్చు, బళ్లారికి పోయి చూపించుకోవాలి.

 ఆంజి అడిగాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోయిన వారం."

"మొన్న వచ్చి మా ఇంట్లో మజ్జిగ తాగి పోయినావే. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పాప చెవి కొలత చూసుకోని పోయినావు." ఆంజి కండువా భుజం మీద నుంచి లాగి చేతికి చుట్టుకున్నాడు. "ఏం మనిషివప్పా నువ్వు."

బావా అనలేదు. ఆ పొద్దు తర్వాత ఆంజి మళ్లీ ఆ పిలుపు పిలవలేదు. కదిరమ్మ వచ్చి పాపను బాషా ఒళ్లో నుంచి తీసుకుంది. లాక్కోలేదు, మామూలుగానే తీసుకుంది, కానీ అతని మొహం చూడలేదు. "ఈ చేతుల్నే కదా నేను కళ్లకద్దుకున్యా" అంది ఎవరితోనో అన్నట్టు. ఖాళీ ఒడితో పీట మీద కూర్చున్న బాషాకు ఆ నిమిషాన భూమి చీలితే బాగుండుననిపించింది. అనంతపురం జిల్లా భూములు వాన కోసం చీలతాయి గానీ మనుషుల కోసం చీలవు.

"రెండో చెవో?" అన్నాడు ఆచారి. పాపం ఆయన పని ఆయనది.

ఈశ్వరి ఒక చేత్తో నడుము పట్టుకుని లేచింది. ఏడవలేదు, అరవలేదు. "అమ్మా, పాపకు పసుపు పెట్టి వదినకు ఇయ్యి. ఏమయ్యా, ఆటో పిలువు. బళ్లారికి పోదాం" అంది. నూర్జాన్ కొంగు బిగించి పాపను ఎత్తుకుంది.

ఆటోలో వెనక ఈశ్వరి, కదిరమ్మ, ఆంజి కూర్చున్నారు. దారి చూపించడానికి బాషా డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు.  ఒకసారి గతుకులో ఆటో ఎగిరితే ఈశ్వరి "అమ్మా" అంది. అది తననే తిట్టినట్టు బాషా గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

రూతు ఆంజి గ్రూపు, పాప గ్రూపు, మొదటి కానుపు సంగతులు అడిగి రాసుకుంది. ఈశ్వరి చేతి నుంచి నెత్తురు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆంజి బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కదిరమ్మ గోడకు ఆనుకుని నోట్లోనే ఏదో మొక్కుకుంటోంది, అందులో నరసింహస్వామీ ఉన్నాడు, మస్తాన్ వలీ ఉన్నాడు. బాషాకు కూర్చునే ధైర్యం లేదు. గేటు నుంచి కుళాయి దాకా, కుళాయి నుంచి గేటు దాకా తిరిగాడు. అటు గోడ మీద రక్తదానం చేయమని కన్నడంలో రాసి, కింద నవ్వుతున్న మనిషి బొమ్మ వేశారు. అతనికి ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

రూతు బయటికి వచ్చి, ఈశ్వరి పక్కన కూర్చుని మాట్లాడింది. బాషా గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

"ఆయుధాలు తయారైనాయి అక్కా. కొంచెమే ఉండాయి. ఇప్పుడుండే కొలత చూసి బెదిరిపోవాల్సిన పని లేదు, కానీ వదిలేసేది గూడా కాదు. మళ్లీ మళ్లీ ఈ పరీక్ష చేయించుకోవల్ల. బిడ్డకు నెత్తురు తగ్గుతాండాదా అని స్కానింగులో చూస్తారు. కానుపు మాత్రం పెద్ద ఆసుపత్రిలోనే కావల్ల. ఇట్ల ముందుగా వచ్చినోళ్ల బిడ్డలు శానా మంది బాగుండారు. నొప్పులు మొదలైనాక వచ్చింటే నేను ఈ మాట చెప్పేదాన్ని కాదు."

"ఈయప్ప వల్లనేనా?" అన్నాడు ఆంజి, గుమ్మం వైపు చూడకుండా.

"చెప్పలేమన్నా. నీది పాజిటివ్, మీ మొదటి పాపది పాజిటివ్. ఆ కానుపులో ఈ ఆయుధాలు పుట్టకుండా సూది ఏసినా ఒక్కొక్కసారి ఇట్లయితాది. ఈయన నెత్తురు వల్లనో, పాప నెత్తురు వల్లనో, ఏ పరీక్షకూ దొరకదు."

ఆ మాట పట్టుకుని బయటపడొచ్చు బాషా. పడలేదు. నా వల్లనే అని అతని లోపల ఎవరో తీర్పు చెప్పేశారు.

ఈశ్వరి చాలాసేపు తన మోచేతి దగ్గర అంటించిన దూదిని చూసుకుంది. "అక్కా, ఒక మాట. ఈయన నెత్తురు ఇప్పుడు నా ఒంట్లో ఎంత ఉండాది?"

"ఏమీ లేదు" అంది రూతు. "ఎక్కించిన నెత్తురు మూడు నాలుగు నెలలకు మించి బతకదు. మీ పాప బోర్లా పడే లోపలే అయిపోయింటాది. ఇప్పుడు నీలో పారేదంతా నీదే."

ఇది బాషాకు కొత్త సంగతి. ఇన్నిసార్లు ఇచ్చాడు, ఎవరూ అతనికి ఈ మాట చెప్పలేదు. ఆ ఉగాది చీరకు ముందే, గజ్జెలకు ముందే అది అయిపోయింది. ఏ హక్కుతో ఆ ఇంటి గడప తొక్కుతున్నాడో ఆ హక్కు ఎప్పుడో చచ్చిపోయింది, మిగిలింది కీడొక్కటే. అతను వెనక్కి తిరిగి గేటు దాటాడు. ఆటో అతన్ని లేపి, వాళ్లను జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపమని చెప్పి, బస్టాండు వైపు నడవబోయాడు.

"యాడికి పోతాండావు?"

ఈశ్వరి గేటు పట్టుకుని నిలబడింది, ఆయాసపడుతోంది.

"మీరు ఆటోలో పోండమ్మా. నేను బస్సుకు పోతా."

"నా మొగం చూసి చెప్పు."

బాషా చూడలేకపోయాడు. "ఏ మొగం పెట్టుకోని చూడల్ల తల్లీ? నీకు కోపం ఉంటాది."

"ఉండాది. శానా ఉండాది. ఈ బిడ్డ బయట పడి ఏడ్సేదాకా నిన్ను చూస్తే నా కడుపు మండుతానే ఉంటాది. ఆ మంట ఎవురి మీద పోసేది? మొగుని మీద పోస్తే ఇంట్లో ఎవురికీ కూడు దిగదు. అమ్మ మీద పోస్తే అది నా కంటే ముందు ఏడుస్తాది. పుట్టింటోళ్ల మీద గాక ఆడోళ్లు ఎవురి మీద పోసుకుంటారన్నా? నువ్వు బస్సుకు పోతే దావంతా నేను ఎవుర్ని తిట్టల్ల?"

బాషా వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బళ్లారి దాటకముందే ఈశ్వరి మొదలుపెట్టింది. మజ్జిగ తాగి పోయిన రోజు నుంచి ఎత్తుకుని, తెలిసీ నోరు మూసుకున్న ప్రతి పూటనూ పేరు పేరునా తిట్టింది. అతను ముందుకు చూస్తూ, అవునమ్మా అవునమ్మా అంటూ, రాయదుర్గం వచ్చేదాకా అన్నీ పడ్డాడు.